పెళ్లి విందులో మతపెద్దలను సంబోధించడం ఎలా?

మీ అబ్బాయి పెళ్లికి వియ్యాలవారి తరఫున కేథలిక్ బిషప్పు, వారి చర్చి ఫాదర్, మీ తరఫున గుడి అర్చకులు, పొరుగున ఉండే ఇమాంగారు వస్తున్నారనీ, విందులో స్వాగతవాక్యాలు పలకవలసింది మీరే కనుక ఎవరిని ఏమని సంబోధించాలో చెప్పమనీ అడిగారు. ఈ దేశానికి కొత్తగా వచ్చిన మనవాళ్లు హాలు గురించి, అలంకరణ గురించి, వీడియో గురించి అడుగుతారే తప్ప ఈ సంగతి వాళ్లకు తట్టదు. మీకు తట్టినందుకు సంతోషం.

ఆయా పెద్దలను వారి మందిరంలో వారి భక్తులు ఏమని పిలుస్తారో మీరూ అలాగే పిలవండి. కేథలిక్ పూజారిని ‘ఫాదర్’ అని, బిషప్పును ‘బిషప్’ అని పేరుతో కలిపి పిలిస్తే చాలు. మరింత లాంఛనంగా పిలవదలిస్తే అమెరికాలో బిషప్పును ‘యువర్ ఎక్సలెన్సీ’ అంటారు, ఇంగ్లండులో ఆర్చిబిషప్పును ‘యువర్ గ్రేస్’ అంటారు. కార్డినల్ అయితే ఎక్కడైనా ‘యువర్ ఎమినెన్స్’. ఆంగ్లికన్ చర్చివారి ‘రెవరెండ్’ అనేది ఆహ్వానపత్రం మీద, కవరు మీద పూర్తి పేరుకు ముందు రాసే మాట. ఎదురుగా నిలబడి ఇంటిపేరుకు దాన్ని తగిలించి పిలిస్తే ఇంగ్లండులో పద్ధతి ఎరిగినవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అమెరికాలో మాత్రం చాలా సంఘాలు అలాగే పిలుచుకుంటాయి. ఇమాంగారిని ‘ఇమాం సాహెబ్’ అనవచ్చు. యూదు గురువును ‘రబ్బీ’ అని, గురుద్వారాలో పవిత్రగ్రంథం చదివే సిక్కు గ్రంథీని ‘జ్ఞానీజీ’ అని, శ్రీలంక సంప్రదాయపు (థేరవాద) బౌద్ధ భిక్షువును ‘భంతే’ అని పిలుస్తారు. ఇంకా సందేహం ఉంటే ఆయా కార్యాలయాలకు ఒక్క ఫోను చేయండి, అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా పెద్దమ్మాయి పెళ్లి. మేము ఇక్కడికి వచ్చిన కొత్తలో మా ఆవిడ జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మనవాళ్లు ఒక్కరూ దగ్గర లేని ఆ రోజుల్లో, మా వీధి చివరి చర్చి ఫాదర్ వచ్చి ఆమె మంచం పక్కన కూర్చునేవారు. ఆయన చెప్పగా ఆ సంఘంలోని స్త్రీలు వంతులు వేసుకుని మా పిల్లలను చూసుకున్నారు. అటువంటి మనిషి ముందు వరుసలో కూర్చుని ఉండగా, నేను మా పురోహితులవారిని బిరుదులన్నీ చెప్పి కొనియాడి, ఆ తరువాత ‘విచ్చేసిన ఇతర మతపెద్దలందరికీ నమస్కారం’ అని ఒకే మాటతో ముగించాను. ఆయన చేతిలో ఉన్న కార్యక్రమపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చిరునవ్వుతోనే చప్పట్లు కొట్టారు. ఆయనకు కోపం రాలేదు. నొచ్చుకున్నది ఆయన వెంట వచ్చిన ఆ స్త్రీలు. తమ గురువును ‘ఇతరుల’లో కలిపేశామని వారికి తోచింది, అందులో అబద్ధమేమీ లేదు. మర్యాదగా దీవించి వెళ్లారు. ఆ తరువాత చాలాకాలం మా ఇంటి ఫోను మోగలేదు.

సొంత దేశంలో ఒక బంధువు అలిగితే మరొక బంధువు తలుపు తడతాడు. ఇక్కడ మనల్ని తలచుకుని వచ్చేవారే కొద్దిమంది, వారిని దూరం చేసుకుంటే పండుగనాడు కూడా నాలుగు గోడలే మిగులుతాయి. మీరు ఇంకా వచ్చిన ఉత్సాహంలో ఉన్నారు కనుక ఇది అతిశయోక్తిగా అనిపించవచ్చు. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయినప్పుడు నా మాట మీకే తెలిసివస్తుంది. నేను మా ఆవిడను వెంటబెట్టుకుని చర్చికి వెళ్లి ఆయనకు కృతజ్ఞత చెప్పుకున్న మీదట రాకపోకలు మళ్లీ మొదలయ్యాయి. మా రెండో అమ్మాయి పెళ్లిలో ఎవరి పేరూ తప్పలేదు, ఎవరి గౌరవమూ తగ్గలేదు. ఇప్పుడు మా ఊళ్లో పెళ్లి చేసే తెలుగువాళ్లు తమ స్వాగతవాక్యాలను ముందుగా నాకు చూపించి వెళుతుంటారు.

మీ సంగతికి వస్తే, బిషప్పు ఉండగా ఫాదర్‌ను ముందు సంబోధించకూడదు. ఒకే మతంలో పెద్ద పదవి నుంచి కిందికి రావాలి. వేర్వేరు మతాలవారి మధ్య ఎక్కువతక్కువలు ఎంచే కొలత లేదు కాబట్టి, పెళ్లి జరిపించిన ఇరుపక్షాల పెద్దలను మొదట తలచుకుని, తరువాత అతిథులుగా వచ్చినవారి దగ్గరకు వెళ్లడం నా పద్ధతి. ‘మన అర్చకులు, మీ ఫాదర్’ అని మాత్రం పొరపాటున కూడా అనకండి, ఆ రోజు ఇద్దరూ రెండు కుటుంబాలకూ పెద్దలే. ఒక్కొక్కరి గురించి ఒక్కొక్క వాక్యం చెప్పండి, అది వారు మీకు నిజంగా చేసిన మేలై ఉండాలి. పిల్లలకు ఫాదర్ ఇచ్చిన పెళ్లి శిక్షణ, మీరు కొత్తగా దిగినప్పుడు ఇమాంగారు చూపిన ఇరుగుపొరుగు ఆదరణ వంటివి చెబితే బిరుదులో చిన్న తేడా వచ్చినా క్షమిస్తారు.

పేర్లను కార్డు మీద తెలుగు లిపిలో రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాలను నమ్మితే ‘Niamh’ అని రాసి ‘నీవ్’ అని పలకవలసిన ఐరిష్ పేరును ‘నియామ్’ అని చదువుతారు. ఒక సిస్టర్ పేరు కోసం నేను వారి మఠానికే ఫోను చేసి, రెండుసార్లు పలికించుకుని రాసుకున్నాను.

కొందరు రబ్బీలు, ఇమాంలు పరస్త్రీతో కరచాలనం చేయరు, థేరవాద భిక్షువులు స్త్రీలను తాకరు. మీ ఆవిడ చేయి చాచకుండా రెండు చేతులూ జోడిస్తే అందరికీ సరిపోతుంది. వధూవరులకు శుభం కోరుతూ అందరూ మద్యం గ్లాసులు ఎత్తే వేళ ఇమాంగారి ముందు మంచినీళ్లో పళ్లరసమో ఉండేటట్లు వడ్డించేవారికి ముందే చెప్పండి; ‘పెద్దలు కూడా ఎత్తాలి’ అని వేదిక మీద నుంచి బలవంతం చేయకండి. మీరు రాసుకున్న కార్డు నకలు ఒకటి కార్యక్రమం నడిపించే ఎమ్సీకి ముందురోజే ఇచ్చి, అతడి చేత ఒకసారి పైకి చదివించుకోండి, ఎందుకంటే బిషప్పుగారిని ఆశీర్వచనానికి వేదిక మీదకు పిలిచేది అతడే.