తక్కువ హాప్‌ల దారిని నమ్మకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కూకట్‌పల్లిలో మేడల మీద పెట్టిన మెష్ నెట్‌వర్క్, అంటే ఒక మేడ రూటర్ నుంచి ఇంకో మేడ రూటర్‌కు డేటా అందించుకుంటూ పోయే వైర్‌లెస్ వల, మధ్యాహ్నం బాగా నడిచి, రాత్రి 9 దాటితే చతికిలబడుతోందని రాశావు. కొత్త రూటర్లు కొనవద్దమ్మా. ఇప్పుడున్నవి దేన్ని చూసి దారి ఎంచుకుంటున్నాయో ముందు చూడు.

నువ్వు వాడుతున్నది ఏఓడీవీ అనే దారి ఎంచే పద్ధతి (ప్రోటోకాల్). 2003లో ఆర్ఎఫ్‌సీ 3561 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. అది హాప్‌లు, అంటే ఒక రూటర్ నుంచి ఇంకో రూటర్‌కు వేసే గెంతులు, లెక్కపెడుతుంది. హాప్‌లు తగ్గాయంటే ఒక్కో లింకు అంత దూరం సాగినట్టు. చుట్టుపక్కల ఇళ్లలో వైఫై జోరందుకోగానే ముందు తెగేది ఆ దూరపు లింకే. పైగా రూటర్లు తామున్నామని చెప్పడానికి పంపే హలో ప్యాకెట్లు చిన్నవి, తక్కువ వేగంతో వెళ్తాయి కాబట్టి అవతలి మేడకు చేరిపోతాయి. వాటిని చూసి రూటర్ ఆ మేడను పొరుగుగా రాసుకుంటుంది. తీరా పెద్ద డేటా ప్యాకెట్ పంపితే చేరదు.

దీనికి మందు అదే ఏడాది ఎంఐటీ పరిశోధకులు చూపించారు. దాని పేరు ఈటీఎక్స్. ఒక ప్యాకెట్ అవతలికి చేరి, అందినట్టు రసీదు తిరిగి రావాలంటే సగటున ఎన్నిసార్లు పంపాలి అన్నదే ఆ కొలత. నేరు లింకులో అటు సగం, ఇటు సగమే అందుతుంటే 4 సార్లు పంపాలి. మధ్య మేడ మీదుగా రెండు హాప్‌లు వేసి, ప్రతిదానిలో రెండు వైపులా 90 శాతం అందితే మొత్తం 2.5 కూడా కాదు. చుట్టుదారే గెలుస్తుంది! ఓఎల్ఎస్ఆర్, బాబెల్ అనే వేరే దారి ఎంచే పద్ధతుల అమలుల్లో ఇలాంటి కొలతలు ఉన్నాయి, వాటికి మారు.

అయితే ప్యాకెట్లు పోవడానికి నిందంతా పక్కింటి వైఫై మీద వేయకు. అమెరికాలోని కేంబ్రిడ్జ్ నగరపు ఇళ్ల కప్పుల మీద నడిచిన రూఫ్‌నెట్ అనే మెష్ నెట్‌వర్క్‌ను 2004లో పరిశీలించినవారు, సగం సగం అందే లింకులకు గోడల మీద పడి తిరిగొచ్చే తరంగాలే ఎక్కువ కారణం కావచ్చన్నారు. నీ లింకులను తెల్లవారుజామున 4కు, రాత్రి 9కి కొలిచి చూడు. రెండు వేళలా నష్టం ఒకేలా ఉంటే యాంటెన్నా జరుపు. రాత్రే పెరిగితే రద్దీ.

రద్దీ అయితే 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు తప్ప వేరేవి వద్దు. 3లో కూర్చుంటే రెండు వైపుల వాళ్లూ నీకు అర్థంకాని రొదగా మిగులుతారు, వంతులవారీగా పంచుకోవడం కూడా కుదరదు. మేడకు మేడకు మధ్య లింకులను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చు. 2018లో మన దేశంలో ఆ బ్యాండు చాలావరకు లైసెన్సు లేకుండా వాడుకునేలా తెరిచారు. ఒకే ఛానెల్‌లో మూడు హాప్‌లు వరుసగా ఉంటే ఒకటి పంపేటప్పుడు మిగతా రెండూ ఆగాలి, వేగం మూడో వంతుకు పడిపోతుంది. నిన్ను ఎక్కువగా ఏడిపిస్తున్నది ఇదేనని నా అనుమానం.

మరొకటి, దారి త్వరత్వరగా మార్చనివ్వకు. నీ ట్రాఫిక్ పెరగ్గానే ఆ లింకు కొలత చెడి, అందరూ రెండో దారి మీద పడతారు, అదీ చెడుతుంది, మళ్లీ వెనక్కి. కొత్త దారి కొంతసేపు స్పష్టంగా మెరుగ్గా ఉంటేనే మారేలా అమర్చు.

ఒక పూర్తి రోజు లింకు కొలతల ఫైలు నాకు పంపు. సెట్టింగులు ఆ తరవాతే ముట్టుకుందాం.

మామయ్య