ఆ 60 శాతం వాక్యం కొట్టేయ్

తమ్ముడూ,

తెలివితేటల మీద నువ్వు రాసింది చదివాను. చెయ్యి బాగానే తిరుగుతోంది. కానీ "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని మొదలుపెట్టి, వెంటనే "మనిషి తెలివిలో 60 శాతం జన్యువులది, 40 శాతం పెంపకానిది" అన్నావు చూడు, ఆ రెండూ కొట్టేయ్. సామెత విచారణ కాకుండానే తీర్పు చెప్పేస్తోంది, రెండోది పచ్చి తప్పు.

నువ్వు చెప్పిన ఆ 60 శాతం హెరిటబిలిటీ అనే అంకె, అది ఒక మనిషి తెలివికి వాటాలు వేసే లెక్క కాదు. ఒక గుంపులో, ఒక కాలంలో, మనుషుల మధ్య ఉన్న తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో చెప్పే అంకె, అంతే. చేతికి ఐదు వేళ్లు రావడం జన్యువుల పనే, అయినా వేళ్ల సంఖ్యకి హెరిటబిలిటీ తక్కువ, ఎందుకంటే వేలు తక్కువైనవాళ్లలో చాలామంది ఏ ప్రమాదంలోనో పోగొట్టుకున్నవాళ్లే. ఎత్తు సంగతి ఇందుకు తలకిందులు: హెరిటబిలిటీ 80 శాతం దాకా ఉంటుంది, అయినా మంచి తిండి దొరికితే ఒక్క తరంలోనే పిల్లలు పెద్దవాళ్లని మించిపోతారు. ఐక్యూ, అంటే తెలివి పరీక్షల్లో వచ్చే స్కోరు, కూడా 20వ శతాబ్దంలో చాలా దేశాల్లో పదేళ్లకి సుమారు 3 పాయింట్ల చొప్పున పెరిగిందని జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు చూపించాడు. జన్యువులు అంత తొందరగా మారవు కదా. ఇంకో తమాషా నువ్వు వదిలేశావు: చిన్నప్పుడు తక్కువగా ఉండే ఐక్యూ హెరిటబిలిటీ వయసు పెరిగేకొద్దీ పెరుగుతుంది. మనం అనుకునేదానికి పూర్తిగా ఎదురు! పెద్దయ్యాక మన తీరుకి తగ్గ చదువూ స్నేహాలూ మనమే వెతుక్కుంటాం, చిన్న తేడా అలా పెద్దదవుతుంది అనేది ఎక్కువగా చెప్పే వివరణ. దీనికి ఓ పేరా ఇవ్వు.

చరిత్ర భాగం హాజరు పట్టీలా ఉంది. తెలివిని కొలవబోయిన గాల్టన్, స్పియర్‌మన్, బినే, తర్వాత? బినే 1905లో సైమన్‌తో కలిసి పారిస్‌లో పరీక్ష తయారుచేసింది చదువులో వెనకబడ్డ పిల్లలకి సాయం అందించడానికి. అది అమెరికా చేరాక మనుషుల్ని ఏరిపారేసే పనికి వాడారు. ఇక్కడ క్యారీ బక్ అనే అమ్మాయి కథ రావాలి. ఆమెకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యొచ్చని 1927లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, ఆమె తల్లీ, ఆమే, ఆమె బిడ్డా, మూడు తరాలూ మందబుద్ధులేనట. ఆ బిడ్డ వివియన్ నెలల పిల్లగా ఉన్నప్పుడు, చూపు అంత మామూలుగా లేదని ఓ సోషల్ వర్కర్ అన్న మాటని కూడా సాక్ష్యంగా తీసుకున్నారు. తర్వాత ఆ పిల్ల బడిలో బాగా చదివేవాళ్ల జాబితాకెక్కింది, ఎనిమిదేళ్లకే చనిపోయింది.

బ్రిటిష్ మనస్తత్వవేత్త సిరిల్ బర్ట్ కథ బాగా రాశావు. విడివిడిగా పెరిగిన కవలల జంటలు 21 నుంచి 53కి పెరిగినా ఐక్యూ పోలిక (కోరిలేషన్) 0.771 దగ్గరే మేకు కొట్టినట్టు ఉండిపోవడం, అది నమ్మశక్యంగా లేదని లియాన్ కామిన్ అనే మనస్తత్వవేత్త పట్టుకోవడం, అన్నీ ఉన్నాయి. కానీ ఆ ఊపులో కవలల పరిశోధనంతా బూటకమనేశావు. అమెరికాలోని మిన్నెసోటాలో 1979లో మొదలైన అధ్యయనం బర్ట్ లెక్కలతో పనిలేకుండానే, విడివిడిగా పెరిగిన వేరే కవలల మీద ఐక్యూ హెరిటబిలిటీ 70 శాతం దాకా ఉందని చెప్పింది. అలాగని వాళ్లలో కటిక పేదరికంలో పెరిగినవాళ్లు దాదాపు లేరు. 2003లో టర్క్‌హైమర్ అనే మనస్తత్వవేత్త బృందం అమెరికాలో ఏడేళ్ల కవలల్ని చూస్తే, పేద ఇళ్లలో ఆ అంకె సున్నా దగ్గరికి పడిపోయింది. యూరప్‌లో మాత్రం ఆ తేడా అంతగా కనిపించలేదు. ఇవన్నీ పక్కపక్కనే పెట్టు, టెన్షన్ పడకు, పాఠకుడు తట్టుకుంటాడు.

ఇక జాతుల మధ్య ఐక్యూ తేడాలకి కూడా ఈ హెరిటబిలిటీనే కారణంగా చూపిన నీ చివరి పేరా. ఒక గుంపు లోపలి తేడాలకి లెక్కగట్టిన అంకె, రెండు గుంపుల మధ్య తేడా ఎందుకొచ్చిందో చెప్పలేదు. తీసేస్తావో తిరగరాస్తావో నీ ఇష్టం, ఉన్నదున్నట్టు మాత్రం అచ్చుకి పంపకు.