ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉంటే కంచం, గ్లాసు వేరు చేయాలా?

మీ ఆయనకి హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చిందనీ, అప్పటి నుంచి మీ అత్తగారు ఆయన కంచం, గ్లాసు విడిగా పెట్టమంటున్నారనీ రాశారు. అక్కర్లేదండీ. ఒకే కంచంలో తిన్నా రాదు, దగ్గినా తుమ్మినా రాదు, పక్కన పడుకున్న పిల్లలకూ రాదు. లివర్‌ని దెబ్బతీసే ఈ బి వైరస్ అంటుకునేది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి. కలుషితమైన నీళ్లతో, తిండితో వచ్చేవి హెపటైటిస్ ఎ, ఇ. మనవాళ్లు అన్నిటినీ ఒకే గాటన కట్టి పచ్చకామెర్లు అనేస్తారు.

మా చిన్నాన్న రక్తదానం చేసినప్పుడు ఆయనకి బి ఉన్న సంగతి బయటపడింది. తెనాలి దగ్గర మాది ఉమ్మడి ఇల్లు. నానమ్మ ఆయన స్టీలు కంచం అంచున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టించింది. తోమాక కూడా దాన్ని మిగతా గిన్నెల్లో కలవనివ్వకుండా కిటికీలో విడిగా బోర్లించేవాళ్లు. సంక్రాంతికి మేమంతా వెళ్తే, ఆయన తన కంచం తానే తీసుకుని వసారాలోకి వెళ్లి కూర్చున్నాడు. అరిసెలు కూడా ఎవరో తెచ్చి పైనుంచి వేశారు. నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున పెరట్లో చూస్తే కుళాయి పక్క గూట్లో ఒకటే రేజర్! చిన్నాన్న గడ్డం గీసుకుని కడిగి పెట్టాడు. వెనకే వాళ్లబ్బాయి అదే అందుకున్నాడు. వాడి చేతిలోంచి లాక్కున్నాను. కంటికి కనపడనంత గాటు చాలు. ఈ వైరస్ ఒంటి బయట కూడా కనీసం వారం రోజులు బతుకుతుంది, నీళ్లతో కడిగితే పోదు. పండగ కాగానే గుంటూరులో అందరికీ పరీక్షలు చేయించాం. మిగతావాళ్లకి నెగెటివ్ వచ్చింది, టీకాలు వేయించుకున్నారు. డాక్టరుగారు విడమరిచి చెప్పాక నానమ్మే ఆ కంచాన్ని అందరి కంచాల్లో కలిపేసింది.

చిన్నాన్నకి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. నన్నడిగితే సూదితోనే అంటాను. డిస్పోజబుల్ సిరంజీలు రాని రోజుల్లో ఊళ్లో ఆర్‌ఎంపీ ఒకే సూదిని వేడినీళ్లలో ముంచి ఊరంతటికీ పొడిచేవాడు. ఇప్పటికీ మాత్ర రాస్తే మనకి తృప్తి ఉండదు, ఇంజెక్షన్ పడాల్సిందే. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజీలే మళ్లీ వాడటం వల్ల బి ప్రబలి ఎంతోమంది చనిపోయారు. కవరు మీ కళ్ల ముందు చింపితేనే చెయ్యి చాపండి. జాతరలో పచ్చబొట్టుకైనా, సెలూన్‌లో బ్లేడుకైనా ఇదే మాట.

ఇంకోటి, మీ ఆయన్ని పసరు మందుకి తీసుకెళ్లనివ్వకండి. ఎ, ఇ చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. ఆ పేరు చూసి బి ఉన్నవాళ్లు కూడా వెళ్లి, ఏళ్ల తరబడి పరీక్షలు మానేసి, లివర్ గట్టిపడ్డాక ఆసుపత్రికి వస్తారు. ఇది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. 1997లోనే హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ బి టీకాని తయారుచేసి చవగ్గా అందించింది. అది మన గడ్డ మీద పుట్టిన టీకా, అయినా మన పెద్దవాళ్లలో వేయించుకున్నవాళ్లు ఎంతమంది?

మీరు ముందు హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష (ఒంట్లో బి ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి. నెగెటివ్ వచ్చి, ఇదివరకు టీకా పడకపోతే ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, మొదటి డోసు నుంచి ఆరు నెలలకి ఒకటి, మొత్తం మూడు డోసులు. అవి పూర్తయి, రక్షణ వచ్చిందని పరీక్షలో తేలేదాకా కండోమ్ వాడండి. రేజర్, గోళ్లు తీసుకునే కట్టర్, టూత్‌బ్రష్ ఎవరివి వాళ్లకే ఉండాలి. మీకే పాజిటివ్ వస్తే, గర్భం వచ్చినప్పుడు డాక్టరుకి మొదటే చెప్పండి, పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకి టీకా పడాలి. మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉన్నా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది), లివర్ పరీక్షలు తప్పవు. మందులు అవసరమా కాదా అన్నది అవి చూసే చెప్తారు. 2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద ఈ పరీక్షలు, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. వెళ్లేటప్పుడు మీ అత్తగారినీ వెంట తీసుకెళ్లండి. కోడలు చెప్తే వినకపోయినా డాక్టరు చెప్తే వింటారు.