తక్కువ ధర ఎంత, అది ఏ కాలమ్‌లో ఉంది

అన్నా, మీ పట్టికలో 6 లక్షల వరుసలు, వరుసకో తేదీ-సరుకు, కాలమ్‌కో మార్కెట్. ప్రతి వరుసలో తక్కువ ధర ఎంత, అది ఏ మార్కెట్‌ది అనే కదా మీరడిగింది, అప్లై (apply) పెడితే పాండాస్ (పట్టికల మీద పనిచేసే పైథాన్ లైబ్రరీ) కదలట్లేదని. కదలదు మరి, అది ఒక్కో వరుసకూ విడిగా పైథాన్ ఫంక్షన్‌ని పిలుస్తుంది. అది తీసేసి, ధరల కాలమ్‌లు మాత్రమే విడిగా తీసుకుని, వాటి మీద మిన్ (min), ఐడీఎక్స్‌మిన్ (idxmin) రెండూ యాక్సిస్ 1తో (axis=1, అంటే వరుస వెంబడి) నడపండి. మొదటిది ధర ఇస్తుంది, రెండోది కాలమ్ పేరు.

అసలు చిక్కు వేరే ఉంది. మీ నమూనాలో మూడో వరుస చూడండి: వరంగల్ 6,850, జమ్మికుంట 6,720, కేసముద్రం 0. ఆ రోజు అక్కడికి పత్తే రాలేదు, ఎవరో సున్నా కొట్టేశారు. ఇలాగే నడిపితే మూసి ఉన్న మార్కెటే అన్నిటికన్నా చవక అని వస్తుంది, నేనూ ఒకసారి ఇట్లనే బోల్తా పడ్డా. ముందు సున్నాలను ఎన్‌ఏఎన్‌గా (NaN, అంటే విలువ లేని ఖాళీ గడి) మార్చండి, ఐడీఎక్స్‌మిన్ వాటిని దానంతట అదే వదిలేస్తుంది. వరుస మొత్తం ఖాళీ అయితే మాత్రం కొత్త వెర్షన్‌లో ఎర్రర్ కొడుతుంది, అలాంటి వరుసల్ని ముందే తీసేయండి. రెండు మార్కెట్లలో ఒకే ధర ఉంటే ఎడమవైపు కాలమ్ పేరే వస్తుంది.