ఓఓ నుంచి మారాలంటే ఈఎం మంచిదా, పీ4 మంచిదా?

మీరు అడిగింది ఇది: ఇంగ్లండ్‌లో ఉంటూ 4 మి.మీ. స్కేల్‌లో గ్రేట్ వెస్టర్న్ అనే పాత బ్రిటిష్ రైల్వే కంపెనీ బ్రాంచ్ లైన్ మోడల్ ఒకటి కట్టబోతున్నారు, ఓఓ ట్రాక్ మరీ ఇరుగ్గా కనిపిస్తోంది, ఈఎంకి వెళ్లాలా పీ4కి వెళ్లాలా అని. చివర్లో మన బ్రాడ్‌గేజ్ సంగతి కూడా అడిగారు. ఓఓ, ఈఎం, పీ4 మూడూ ఒకే స్కేల్ మోడల్ రైళ్ల పద్ధతులే, పట్టాల మధ్య దూరం (గేజ్) మాత్రం వేరు.

ఈఎం తీసుకోండి. నేను ఓఓలో మూడేళ్లు, పీ4లో ఒక చలికాలం పనిచేసి ఈఎంకి వచ్చాను.

మీ కంటికి ఇరుగ్గా కనిపించడం నిజమే. అసలు పట్టాల మధ్య దూరం 4 అడుగుల 8½ అంగుళాలు. అడుగుకి 4 మి.మీ. చొప్పున 18.83 మి.మీ. రావాలి. ఓఓలో ఉన్నది 16.5, అంటే హెచ్‌ఓ (అడుగుకి 3.5 మి.మీ. స్కేల్) గేజ్. బ్రిటిష్ ఇంజన్లు చిన్నవి కావడంతో అప్పటి మోటార్లు హెచ్‌ఓ సైజు బాడీలో పట్టలేదు. అందుకని బాడీని పెంచి, ట్రాక్‌ని అలాగే వదిలేశారు. ఈఎం 18.2, పీ4 సరిగ్గా 18.83.

అయితే ఈ ఒక్క అంకె చూసి నిర్ణయించుకోకండి. స్టాండర్డ్ అంటే గేజ్ ఒక్కటే కాదు. ఫ్లాంజ్ (చక్రం లోపలి వైపు పొడుచుకొచ్చిన అంచు) నడిచే సందు, రెండు చక్రాల వీపుల మధ్య దూరం (అందరూ బ్యాక్ టు బ్యాక్ అనేది), చక్రం వెడల్పు, ఇవన్నీ కలిసి ఒక కుటుంబం. ఈఎంలో సందు 1 మి.మీ., బ్యాక్ టు బ్యాక్ 16.5. పీ4లో సందు 0.68, బ్యాక్ టు బ్యాక్ 17.75. ఒక కుటుంబం చక్రాన్ని ఇంకో కుటుంబం పాయింట్ (ఒక దారి రెండుగా చీలే ట్రాక్) మీద నడిపితే ఏమవుతుందో నేను చూశాను.

ఈఎంలో నా మొదటి పాయింట్ టంకం పెట్టి తయారుచేసుకున్నాక, ఒక బొగ్గు వ్యాగన్ క్రాసింగ్ (పాయింట్‌లో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు, దాని మొన ముక్కు) దగ్గరికి వచ్చినప్పుడల్లా టక్కుమని కిందికి దిగేది. నా టంకం పనే బాగాలేదనుకుని క్రాసింగ్‌ని రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాను. రెండు వారాల ఆదివారాలు దానికే పోయాయి. చివరికి వెర్నియర్ పెట్టి కొలిస్తే చక్రం వెడల్పు 2 మి.మీ. అవి పీ4 కోసం కొన్న చక్రాలు. పారేయడం ఎందుకని ఇరుసు మీద లోపలికి జరిపి ఈఎం బ్యాక్ టు బ్యాక్‌కి సర్ది పెట్టుకున్నాను. క్రాసింగ్ ముక్కు ముందు ఖాళీ దాటాలంటే, రెండు సందులు కలిపితే ఎంతో చక్రం అంతకన్నా వెడల్పు ఉండాలి. ఈఎంలో రెండు సందులు 2 మి.మీ. కాబట్టి 2 మి.మీ. చక్రానికి కింద ఆసరా మిగలదు. 2.3 మి.మీ. ఈఎం చక్రాలు వేశాక అదే పాయింట్ మీద అదే వ్యాగన్ నున్నగా వెళ్లింది.

బ్యాక్ టు బ్యాక్ కూడా అంతే ముఖ్యం. చెక్‌రైలు (క్రాసింగ్ ఎదురుగా పట్టా పక్కన ఉండే చిన్న పట్టా) ఒక చక్రం వీపును పట్టి ఆపితేనే అవతలి చక్రం ఫ్లాంజ్ ముక్కును గుద్దుకోకుండా వెళ్తుంది. చక్రాలు దూరమైతే ఆ పట్టు పోతుంది, మరీ దగ్గరైతే చెక్‌రైలు మీదికే ఎక్కుతాయి. ఇత్తడి బ్యాక్ టు బ్యాక్ గేజ్ ఒకటి తప్పకుండా కొనండి. కొత్తగా కొన్న ప్రతి జత చక్రాలనూ దానితో చూడండి.

పీ4 చూడ్డానికి ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను. కానీ ఫ్లాంజ్ లోతు సుమారు 0.4 మి.మీ. మాత్రమే. ట్రాక్ కాస్త మెలి తిరిగి ఉంటే నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లో ఉంటుంది, బండి పట్టాలు తప్పుతుంది. అందుకే ప్రతి వ్యాగన్‌కీ ఒక ఇరుసు ఊగేలా చేయాలి, లేదా స్ప్రింగులు పెట్టాలి. ఆ చలికాలమంతా కష్టపడితే నాకు ఒక పానియర్ ట్యాంక్ ఇంజన్, మూడు వ్యాగన్లు అయ్యాయి. బయట సిలిండర్లున్న ఇంజన్లయితే చక్రాలు బయటికి జరిగేసరికి క్రాస్‌హెడ్‌కీ (పిస్టన్ కడ్డీ చివర జారే ముక్క) క్రాంక్‌పిన్‌కీ (చక్రం మీద కడ్డీ తగిలించే పిన్) మధ్య చోటు చాలదు, అదో టెన్షన్. ఈఎంలో నా వ్యాగన్లన్నీ చక్రాలు మారిస్తే చాలు, స్ప్రింగులు లేకుండానే నడుస్తున్నాయి. రెండింటికీ గేజ్‌లో తేడా 0.63 మి.మీ. మూడడుగుల దూరం నుంచి నా కంటికి అది ఆనలేదు. పాయింట్లు చేతితో కట్టే ఓపిక లేకపోతే, పీకో అనే ట్రాక్ కంపెనీ తయారుచేసిన ఈఎం ట్రాక్ ఈఎం గేజ్ సొసైటీ ద్వారా సభ్యులకు దొరుకుతుంది.

మీకున్న ఓఓ బళ్లన్నిటికీ చక్రాలు మార్చడం భారమనిపిస్తే, గేజ్ 16.2, సందు 1 మి.మీ. ఉన్న ఓఓ-ఎస్‌ఎఫ్ అనే పద్ధతి ఉంది. ఈఎం గేజ్‌లోంచి 2 మి.మీ. తీసేశారు, సందు అలాగే ఉంచారు. ఇరుకు పోదు కానీ, క్రాసింగ్‌ల మీద నడక బాగుపడుతుంది.

ఇక బ్రాడ్‌గేజ్. 5 అడుగుల 6 అంగుళాలు 4 మి.మీ. స్కేల్‌లో 22 మి.మీ., హెచ్‌ఓలో 19.25 అవుతుంది. హెచ్‌ఓలో మన ఇంజన్లను 16.5 ట్రాక్ మీద నిలబెడితే ఓఓలో కనిపించే ఇరుకే మళ్లీ కనిపిస్తుంది. 4 మి.మీ.లో చేసేట్టయితే కొత్త లెక్కలు కనిపెట్టనక్కర్లేదు. పీ4 చక్రం, పీ4 సందు అలాగే ఉంచి గేజ్ ఒక్కటే 22కి పెంచండి. పెరిగింది 3.17 కాబట్టి బ్యాక్ టు బ్యాక్ 20.92 అవుతుంది. ముందు ఒక మీటరు ట్రాక్, ఒక పాయింట్, ఒక వ్యాగన్ చేసి, వ్యాగన్‌ని పాయింట్ మీద వెనక్కి తోసి చూడండి. ముందుకి లాగినప్పుడు దాగే తప్పులు తోసినప్పుడు బయటపడతాయి.