షుగర్ ఉందని డాక్టర్ చెప్పకముందే యాప్‌కి ఎందుకు చెప్తున్నరు?

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మా నాయినకు యాభై రెండేండ్లు. క్యాంపుల చూపిస్తే పరగడుపున షుగర్ 118 వచ్చింది. నల్లగొండల డాక్టర్ దగ్గరికి పోతే ఇప్పుడే ఉందని చెప్పలేం, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించుకొని వచ్చే వారం రండి అన్నడు. అప్పటిదాకా ఆగలేక ఆన్‌లైన్ల బ్లూటూత్ షుగర్ మిషన్ తెప్పిచ్చిన. ఒకటే వేలికి ఒకసారి 109, రెండు నిమిషాలాగి చూస్తే 124. యాపేమో ఓపెన్ చెయ్యంగనే కాంటాక్ట్స్, ఎస్సెమ్మెస్, లొకేషన్ అన్నీ అడుగుతుంది, ఇయ్యకపోతే ముందుకు పోతలేదు. మిషన్ వాపస్ చెయ్యాల్నా?"

ఇదే ప్రశ్న మిర్యాలగూడ నుంచి, వనపర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి వస్తనే ఉంది, నంబర్లు మాత్రమే మారుతున్నయ్, అందుకే ఈసారి కొంచెం వివరంగా రాస్తున్న.

మిషన్ వాపస్ చెయ్యకు, అది చెడిపోలేదు. ఇంట్లో వాడే మీటర్లకు ఐఎస్ఓ 15197 అని ఒక ప్రమాణం ఉంది, 2013 నాటి లెక్క ప్రకారం షుగర్ 100 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే వంద రీడింగుల్లో 95 ల్యాబ్ విలువకు 15 శాతం అటు ఇటుగా వస్తే చాలు. అంటే నిజంగా 118 ఉన్న మనిషికి మీటర్ 101 చూపించినా 135 చూపించినా అది రూల్ లోపలే ఉన్నట్టు. ఇప్పుడు డాక్టర్ల గీతలు చూడు, పరగడుపున 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్ (షుగర్ వచ్చే ముందు దశ), 126 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే డయాబెటిస్, అది కూడా మామూలుగా ఇంకో టెస్టుతో ఖాయం చేసుకున్నాకనే. మీ నాయిన ఉన్నది సరిగ్గా ఈ రెండు గీతల నడుమ, అక్కడ తీర్పు చెప్పే శక్తి వేలి చుక్కకు లేదు. అందుకే చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేస్తరు, అందుకే హెచ్‌బీఏ1సీ 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందా అని చూస్తరు. ఇంటి మిషన్ పని ఏందంటే నాలుగు రోజుల రీడింగులు టైముతో సహా కాగితం మీద రాసి డాక్టర్ ముందు పెట్టడం, అంతవరకే.

ఆ నాలుగు రీడింగులైనా సక్కగా తియ్యాలె కదా. బత్తాయి ఒలిచిన చెయ్యి కడుక్కోకుండా వేలు గుచ్చితే ఆ రసంలోని చక్కెర కూడా రక్తం చుక్కతో కలిసి స్ట్రిప్ మీదికి పోతది, నంబర్ ఎక్కడికో ఎగురుతది, ఇంటిల్లిపాది భయపడతరు. సబ్బుతో కడుక్కొని పూర్తిగా తుడుచుకోండి. స్ట్రిప్పుల డబ్బా మీద మామూలుగా 30 డిగ్రీలకు మించొద్దని రాసి ఉంటది, మన దగ్గర మే నెలలో బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నం దాకా తిప్పినంక ఆ స్ట్రిప్ మీద వచ్చే నంబర్‌ని ఏం నమ్ముతరు? ఇంకోటి, ఒకే సూదితో నాయినకు, అమ్మకు, చుట్టపుచూపుగా వచ్చిన మామకు వరసగా గుచ్చి చూసే ఇండ్లున్నయ్. హెపటైటిస్ బి లాంటివి అట్లనే అంటుకుంటయ్, దయచేసి మనిషికో కొత్త సూది.

ఇగ నాకు నిద్ర పట్టనియ్యని సంగతి యాప్. షుగర్ మీటర్ యాప్‌కి ఎస్సెమ్మెస్‌తో ఏం పని? మీ బ్యాంకు ఓటీపీలు వచ్చేది అక్కడికే. ప్లే స్టోర్లో ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగే యాప్‌ల మీద 2019 నుంచి గట్టి ఆంక్షలున్నయ్, కాబట్టి నీ యాప్ అది అడుగుతుందంటే నా మొదటి అనుమానం అది ప్లే స్టోర్ నుంచి రాలేదని. డబ్బా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ని ఫోన్లో ఎక్కించే ఏపీకే ఫైల్ నేరుగా దిగిందా, "తెలియని సోర్స్ అనుమతించండి" అని ఫోన్ అడిగితే ఓకే కొట్టినవా గుర్తుతెచ్చుకో. అట్లయితే ముందు సెట్టింగ్స్‌లోకి పోయి పర్మిషన్లన్నీ పీకెయ్, యాప్‌లో అకౌంట్ డిలీట్ ఆప్షన్ ఉంటే అది కొట్టు, ఆ తర్వాతనే అన్‌ఇన్‌స్టాల్ చెయ్, ఎందుకంటే యాప్ తీసేసినంత మాత్రాన వాళ్ల సర్వర్లో నీ డేటా పోదు. యూపీఐ పిన్ కూడా మార్చు, వేరే ఫోన్ నుంచి మారిస్తే ఇంకా మంచిది. డబ్బులు పోయినట్టు కనపడితే క్షణం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు.

లొకేషన్ సంగతి వేరు. ఆండ్రాయిడ్ 11 దాకా బ్లూటూత్ పరికరం వెతకాలంటే లొకేషన్ పర్మిషన్ కావాల్సి వచ్చేది, అది ఫోన్ల కట్టుబాటు. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చినంక దానికోసం "నియర్‌బై డివైసెస్" అని వేరే పర్మిషన్ పెట్టిన్రు. ఇన్నేండ్లయినా ఇంకా లొకేషన్ కావాలంటున్నరంటే అయితే కోడ్ మార్చే ఓపిక లేదు, లేదంటే మీరెక్కడ ఉన్నరో కావాలె. రెండూ క్షమించేటివి కావు.

కాంటాక్ట్స్ గురించైతే 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలోనే ఇదే ఉదాహరణ ఉంది: టెలిమెడిసిన్ యాప్ (ఫోన్లోనే డాక్టర్ సలహా ఇప్పించేది) కాంటాక్ట్ లిస్టు అడిగి మీరు సరే అన్నా, వైద్యానికి అది అవసరం లేదు కాబట్టి ఆ సమ్మతి చెల్లదు అని. చట్టం దశలవారీగా అమలులోకి వస్తుంది, అందుకని దాని మీద భారం వేసి కూర్చోవద్దు, నో కొట్టండి.

నా బాధ ఇంకొంచెం లోతుది. మీ నాయినకు షుగర్ ఉందో లేదో డాక్టర్‌కే ఇంకా తెల్వదు. కానీ పేరు, వయసు, ఫోన్ నంబర్‌తో అకౌంట్ తెరిచి నాలుగు రీడింగులు ఎక్కిస్తే ఎవరిదో ఒక లిస్టులో ఆయన షుగర్ పేషెంట్ అయిపోతడు. రేపు ల్యాబ్ రిపోర్ట్ నార్మల్ వచ్చినా ఆ లిస్టు నుంచి పేరు ఎవరు తీస్తరు? షుగర్ రివర్స్ చేస్తం, మందులు మానిపిస్తం అని ఫోన్లు చేసేటోళ్లకు భయంలో ఉన్న ఇట్లాంటి ఇల్లే కావాలె. రిపోర్ట్ ఫోటో, పేరు వయసు నంబర్‌తో సహా, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఎవరన్నా చెప్పండి" అనే అలవాటు కూడా మానుకోవాలె.

అసలు బ్లూటూత్ లేకుండా, అకౌంట్ లేకుండా, పెద్ద అంకెలతో, కాయిన్ బ్యాటరీతో నడిచే మీటరే ఇట్లాంటి రోజులకు నయం. దానిలోనే పాత రీడింగులు గుర్తుంటయ్. బ్యాటరీ మార్చినప్పుడు తారీఖు, టైము మళ్లీ పెట్టండి, లేకపోతే పొద్దున తీసింది రాత్రి తీసినట్టు పడుతది, డాక్టర్ తికమక పడతడు.

పాలమూరు నుంచి ఒక చెల్లె, లండన్‌లో ఉన్న బావ పంపిన మీటర్‌లో 6.4 వచ్చింది, ఇది ప్రీడయాబెటిసా అని అడిగింది. అమ్మా, అది హెచ్‌బీఏ1సీ నంబర్ కాదు, ఆ లెక్కతో చూడొద్దు. అక్కడి మీటర్లు షుగర్‌ని మిల్లీమోల్ అనే వేరే కొలతలో చూపిస్తయ్, 18తో గుణిస్తే మన లెక్కలో సుమారు 115. చాలా మీటర్లలో ఆ యూనిట్ మార్చనియ్యరు, ఇక్కడివే కొనుక్కోండి.

సూది లేకుండా షుగర్ చెప్పే వాచీ, ఉంగరం గురించి అడిగిన వాళ్లందరికీ: కొనకండి. మందులకు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే వీటిని నమ్మొద్దని హెచ్చరించింది, చర్మం గుచ్చకుండా తమంతట తామే షుగర్ కొలిచే ఏ వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇయ్యలేదని చెప్పింది. చేతికి అంటించుకునే సెన్సర్ వేరు, దానికి సన్నటి తీగ లోపలికి పోతది.

దేవరకొండ తమ్ముడూ, టెస్టు దాకా నాయిన మామూలుగా తినేదే తిననీ, నంబర్ తగ్గియ్యాలని అన్నం మాన్పించకు, లేకుంటే ల్యాబ్‌లో అసలు సంగతి సరిగ్గా బయటపడకపోవచ్చు. ఈలోపల విపరీతమైన దప్పిక, మాటిమాటికి మూత్రం, మీటర్‌లో 200 పైన కనపడితే మాత్రం వచ్చే వారం దాకా ఆగకు, ఆ రోజే తీస్కపో.