ముందు పోలిక తార రంగు చూడండి

కూకట్‌పల్లి మేడ మీంచి డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఆర్‌ఆర్ లైరే అనే, వెలుగు మారుతుండే తారను ఫోటోలు తీస్తుంటే, పడమటికి వాలేకొద్దీ చెక్ స్టార్ (కొలత సరిగ్గా వస్తోందా అని చూసుకునే, వెలుగు మారని తార) మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత, అంకె చిన్నదైతే తార ఎక్కువ ప్రకాశవంతం) కూడా మెల్లగా జారిపోతోందన్నారు. ఆ తార నిలకడగా ఉండాలి. అలా లేదంటే నా అనుమానం పోలిక తార మీదే, అంటే మిగతా తారల ప్రకాశాన్ని దేనితో పోల్చి లెక్కిస్తామో ఆ తార మీద. మీరు పెట్టినదాని బీ-వీ (తార రంగును చెప్పే అంకె, పెరిగేకొద్దీ ఎరుపు) 1.4, అంటే బాగా ఎర్రది. చెక్ స్టారేమో తెల్లటిది. గాలి నీలి కాంతిని ఎక్కువ మింగుతుంది కాబట్టి, తారలు కిందికి దిగేకొద్దీ ఆ రెండింటి తేడా తనంతట తనే మారిపోతుంది. మియాపూర్ వైపు దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు!

ఏఏవీఎస్‌ఓ (వెలుగు మారే తారలను గమనించేవారి అమెరికన్ సంఘం) చార్టుతో పాటు ఫోటోమెట్రీ పట్టిక (తారల ప్రకాశం కొలతల జాబితా) కూడా తెరిచి, అదే ఫ్రేములో బీ-వీ 0.7 లోపున్న తారను పట్టుకోండి. మాగ్నిట్యూడ్ కూడా ఆ పట్టికలోదే వాడాలి, వేరే కేటలాగుది కలపొద్దు. ఆర్‌ఆర్ లైరే 7.1 నుంచి 8.1 దాకా తిరుగుతుంది. పోలిక తార అంతకంటే బాగా ప్రకాశవంతమైతే పిక్సెళ్లు నిండిపోతాయి. తీసేటప్పుడు కాంతి ఎక్కువ పిక్సెళ్ల మీద పరుచుకునేలా ఫోకస్ కాస్త చెదరగొట్టి, పచ్చ ఛానెల్ ఒక్కటే కొలవండి. ఎత్తు 30 డిగ్రీల కిందికి వచ్చాక తీసినవి పక్కన పెట్టేయండి, అక్కడ గాలి మందం నడినెత్తి మీదకంటే రెట్టింపు దాటుతుంది.

పాత ఫ్రేములే కొత్త తారతో మళ్లీ కొలిచి, చెక్ స్టార్ గీత ఇక్కడ పెట్టండి.